పేరంటానికి పిలిచిన మీటింగు

భిలాయి, క్యాంప్ 2
9-8-2003

అక్కా, మేమంతా కులాసా. ఎన్నికల పనిలో తిరుగుతున్నానని బెంగపడకు. సంప్రదాయం నిలబెట్టాలనే మా పార్టీ, శిక్షణలో ఈమెయిల్ పంపడం, గడపగడపకీ వెళ్లి మాట్లాడడం నేర్పింది. నేర్పినట్టే మీటింగుకి రమ్మని హిందీలో అప్పజెబితే, ఎదురింటి నరసమ్మగారు "ఏటమ్మా, మీటింగులకి నానెందుకొస్తాను?" అని తలుపేసేశారు. నేను వదల్లేదు. నిన్న శ్రావణ శుక్రవారమని బొట్టు పెట్టి పేరంటానికి పిలిచాను. ఆవిడతో సహా వీధంతా వచ్చింది. శనగలు పంచి, ఈమెయిల్లో వచ్చిన పార్టీ కబుర్లు తెలుగులో చదివాను. "ఈ సందు నానే సూసుకుంటాను" అన్నారావిడ. వచ్చే శుక్రవారం క్యాంప్ 1లో. మంచి కుంకుమ పంపు. అమ్మ మోకాలు తగ్గిందా?

బావగారూ, ఈ కార్డు ముందు మీరే చదువుతారని తెలుసు. ఉపాయం మీ పార్టీకీ చెప్పుకోండి. మగాళ్లు పిలిస్తే పేరంటానికి ఎవరొస్తారో చూద్దాం!

నమస్కారాలతో,
కనకలత