బెలూన్‌కు చూపించిన రసీదు

చర్ల దగ్గరి నుంచి,
ఆదివారం.

ఆపాకు, తమ్ముడు కరీం సలాములు.

అమ్మీ మోకాళ్ల నొప్పి ఎలా ఉంది? బావ, పిల్లలు బాగున్నారా? నేను బాగానే ఉన్నాను. వేళకు తింటున్నాను, జ్వరం ఏమీ లేదు, దోమతెర కట్టుకునే పడుకుంటున్నాను. ఫోన్ కలిస్తే నువ్వు ముందు అడిగేవి ఇవే కాబట్టి ముందే రాసేశాను. ఇక్కడ సిగ్నల్ కోసం గుట్ట ఎక్కాలి, ఎక్కాక మాట తెగిపోతుంది.

నిజం చెప్పాలంటే ఇక్కడ కాలు నిలవడం లేదు ఆపా. సాయంత్రం పిల్లలకు పాఠాలు చెప్పడం అయి బడి మూశాక రోడ్డు దాకా నడుస్తాను. బస్సు రాదని తెలిసీ కాసేపు చూస్తాను, తిరిగొస్తాను. మధిరలో రైలు కూతల మధ్య పెరిగినవాణ్ణి, ఈ నిశ్శబ్దం చెవులకు పడటం లేదు. నేను అన్నం తినేది సోమమ్మ అనే కోయ ముసలామె ఇంట్లో. భర్త పోయాడు, ఒక్కతే ఉంటుంది. బావ బట్టల కొట్లో నాకో చోటు చూడమన్నాను కదా, అది రోజుకు పదిసార్లు గుర్తొస్తుంది.

ఇంతలో ఒక సంగతి జరిగింది. గోదావరి ఒడ్డున మూడు రోజుల ఉత్సవం పెట్టి వేడిగాలి బెలూన్లు తెప్పించారు. ముందురోజు బడిలో పిల్లలకు వాటి గురించి చెబుతూ, పైనుంచి చూస్తే ఎవరి చేను ఎంతవరకో కూడా కనిపిస్తుందన్నాను. నా నోరు ఊరుకోదు కదా. ఇక్కడివాళ్లు అడవిలో సాగు చేసుకునే పోడు చేన్ల పట్టాల కోసం ఏళ్ల తరబడి తిరుగుతున్నారు. సోమమ్మ అర్జీని ఆధారం లేదని ఇదివరకే తిప్పి పంపారు. నా మాట చీకటి పడేలోగా ఊరంతా తిరిగి, పోడు సర్వేకు సార్లు గాలిలో వస్తున్నారని అయింది.

పొద్దున్నే బెలూన్లు చూద్దామని బయల్దేరితే ఇళ్ల దగ్గర ఎవరూ లేరు. ఉతికిన బట్టలు కట్టుకుని, పిల్లాజెల్లాతో ఎవరి చేలో వాళ్లు నిలబడి ఉన్నారు. చెట్ల మీదుగా మూడు బెలూన్లు లేచాయి. ఎర్రది, పసుపుది, చారలది. మంట బుస్సుమన్నప్పుడల్లా ఇంకాస్త పైకి పోతున్నాయి. అందంగానే ఉన్నాయి కానీ నాకు చూడబుద్ధి కాలేదు. సోమమ్మ చేను నడుమ నిలబడి ఒక కాగితాన్ని రెండు చేతులతో తలమీదికి ఎత్తి పట్టుకుంది. ఎంతసేపైనా దించలేదు. బెలూన్‌లో వాళ్లు చేతులూపారు.

"సూసిండ్రు సారూ," అంది.

"అవ్వా, వాళ్లు సర్వేవాళ్లు కాదు. సరదాకు ఎక్కినోళ్లు. నేను పిల్లలకు చెప్పింది గిట్లయింది."

తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "గట్లనా," అని కాగితం మడవబోయింది. ఏమిటో చూపించమన్నాను. ఆ చేలో చెట్లు కొట్టినందుకు ఫారెస్టు వాళ్లు ఆమె భర్తకు వేసిన జుర్మానా రసీదు. నేను పుట్టకముందుది. తప్పు చేశాడని రాసిచ్చిన ఆ కాగితమే, అప్పటికే ఆయన అక్కడ సాగు చేస్తున్నాడని చెబుతోంది. ఇంతకంటే ఆధారం ఏం కావాలి?

"ఇన్నేళ్లు ఎందుకు చూపించలేదు?"

"కింది సార్లకు సూపిస్తే మళ్ల కేసు పెడ్తరని దాచిన. పైన పెద్దసార్లు ఉన్నరంటే తీసిన."

ఆ రోజే కొత్త అర్జీ రాశాను. వచ్చే నెల గ్రామసభలో పెట్టాలి. "నాకు సదువు రాదు. నువ్వే సదివి చెప్పాలె," అంటోంది. పట్టా వస్తుందో రాదో తెలియదు. అది తేలేదాకా నేను ఇక్కడే ఉండాలి, అందుకని బావతో చెప్పు, కొట్లో ఆ చోటు ఇంకెవరికైనా ఇమ్మను. నేనేదో మంచివాణ్ణయిపోయానని అనుకోకు. ఈ ఉత్తరం రాస్తూ కూడా రెండుసార్లు లేచి రోడ్డు దాకా వెళ్లొచ్చాను. కానీ నా మాట నమ్మే కదా ఆమె అలా నిలబడింది.

రసీదు మడతల దగ్గర చిరుగుతోంది. గట్టి ప్లాస్టిక్ కవరు ఒకటి పంపు. దాంతోపాటు నిమ్మకాయ ఆచార్ కూడా.

అబ్బాకు, అమ్మీకి, బావకు సలాములు. పిల్లలకు ముద్దులు. ఈసారి నమాజు తర్వాత దువాలో నా పేరుకంటే ముందు సోమమ్మ పేరు చెప్పు. వాగు పక్కన రెండెకరాలు. సర్వే నంబరు లేదు, అల్లాకు అది అవసరం ఉండదనుకుంటాను.

నీ తమ్ముడు,
కరీం