పద్నాలుగో బ్లాకు తీగ

సెరంగూన్,
శనివారం

ఎంతో ఇష్టమైన బావకి,

ఈ ఉదయం గుమ్మం దగ్గర మీ బూట్లు చూశాను. నిన్న సరిహద్దు అవతల జొహోర్‌లో రోజంతా వాన. మందు చల్లే విమానం కూలిన పామాయిల్ తోటంతా కాలినడకన తిరిగి చూశానని భోజనాల దగ్గర చెప్పారు. బూట్ల అడుగున చిటికెడు మట్టి కూడా లేదు.

ఒకే ఇంట్లో ఉంటూ ఉత్తరమేమిటని నవ్వకండి. మీ ఎదురుగా నిలబడితే నాకు గొంతు పెగలదు. ఆ సంగతి మీకూ తెలుసు. పోయిన నెల మీ కంపెనీ ప్రమాద నివేదిక నా ముందు పెట్టి, "ఏమ్మా మౌనస్వామీ, మాట్లాడవు గానీ రాస్తే కత్తి నువ్వు. ఈ ఆరు పేజీల్నీ నీ కాన్వెంట్ ఇంగ్లీషులో రెండు చేసెయ్" అన్నారు. చేశాను. విమానం ఎందుకు కూలిందో మీరు నాలుగు పేరాల్లో తిప్పి తిప్పి రాసినదాన్ని ఒక్క వాక్యం చేశాను: 'పైలట్ తీగను గమనించలేదు.'

"అదిరింది! మా లాయర్ కూడా ఇంత క్లీన్‌గా రాయలేడు" అన్నారు. సిగ్గుపడ్డాను. సంతోషపడ్డాను కూడా. ఆ ఒక్క వాక్యం మీద పైలట్ చక్రధర్ గారి లైసెన్సు పోతుందని అప్పుడు నాకు తెలియదు.

పోయిన ఆదివారం ఆయన్ని చూడ్డానికి ఆస్పత్రికి నన్నూ వెంటబెట్టుకుని వెళ్ళారు. ఆయన రెండు కాళ్ళకీ కట్లు. ప్రమాదం జరిగిన ఉదయం ఏదీ ఆయనకి గుర్తు లేదు. "ఎండ కళ్ళలో కొట్టిందేమో శశీ. పంతొమ్మిదేళ్ళలో ఒక్క తీగ మిస్సవలేదురా. దీన్నెలా మిస్సయ్యానో!" అని ఆయన ఏడుస్తుంటే మీరు భుజం తట్టారు. "పోనీలేరా చక్రీ, ఎవరికైనా జరుగుతుంది" అన్నారు. క్షమించేశారు! బావా, ఆయన్ని క్షమించడానికి మీరెవరు?

ఇంటికొచ్చి, నివేదికకు జతచేసిన తనిఖీ ఫారాలు మళ్ళీ తీసి చూశాను. ఫిబ్రవరిది ఒకటి, ప్రమాదం రోజుది ఒకటి. రెండింటి మీదా ఒకే మూల ఒకే కాఫీ కప్పు మరక. టిక్కులన్నీ ఒకేలా వంకర. తేదీ ఒక్కటే మార్చారు. కింద ఆపరేషన్స్ మేనేజర్‌గా మీ సంతకం. 'తీగలు: లేవు' అని ఉంది. ఫిబ్రవరిలో నిజంగానే లేవు. పద్నాలుగో బ్లాకు మీదుగా పంపుహౌసుకి కరెంటు తీగ లాగింది మార్చిలో. విమానం తగిలింది ఆ తీగకే.

మారయ్య గారికి ఫోన్ చేశాను. కొత్తవాళ్ళతో ఫోన్లో మాట్లాడాలంటే నాకెంత భయమో మీకు తెలుసు. అయినా చేశాను. తాతల నాటి నుంచి ఆ తోటలోనే ఉన్న మనిషి. మందు చల్లే ముందు బ్లాకు చుట్టూ నడిచి, తీగ ఉన్న చోటల్లా నారింజ రంగు గుడ్డ కట్టడం ఇరవయ్యేళ్ళుగా ఆయన పని.

"గుడ్డ నేకపోతే తీగ నేదనే గదమ్మా పైలెట్టు కిందికి దిగుతాడు? నడిసి సూడ్డానికి గంట. ఆ గంటలో గాలి లేసిపోతంది, రెండు ట్రిప్పులు పోతన్నాయన్నారు మీ బావగారు. కాయితం సాలన్నారు. నన్ను నర్సరీలో మొక్కలకి నీళ్ళు పొయ్యమన్నారు."

ఆ నడక మానేశామని పైలట్‌కి చెప్పాలని కూడా మీకెవరికీ తోచలేదు. ఆయన గమనించారు బావా. గుడ్డ లేదని సరిగ్గానే గమనించారు. మీ కాగితాన్ని నమ్మలేదు, మారయ్య గారి కాళ్ళని నమ్మారు. ఆ కాళ్ళని తీసేసింది మీరు.

నా తప్పు లేదనను. జతచేసిన కాగితాలు చదవకుండానే దిద్దాను. పొట్టిగా, అందంగా ఉందని ఆ వాక్యం రాసి, ఒక మనిషిని అది నిజమని నమ్మించాను. తను చేయని తప్పుకి ఆయన ఆ మంచం మీద రోజూ తనని తాను తిట్టుకుంటున్నారు. మీరు చూస్తూ కూర్చున్నారు. పళ్ళు కూడా తీసుకెళ్ళారు.

ఈ ఊళ్ళో నాకు మొదట లైబ్రరీ చూపించింది మీరు. దారి తప్పి ఊరి చివర వుడ్‌ల్యాండ్స్‌లో ఏడుస్తూ కూర్చుంటే, ఆఫీసు మానుకుని వచ్చి తీసుకెళ్ళిందీ మీరే. మీరు ఎవరో అయివుంటే నాకింత కోపం వచ్చేది కాదు.

సోమవారం ప్రమాదం మీద జరిగే విచారణలో మిమ్మల్ని అడుగుతారు. మీ నోటితో మీరే చెప్పండి. అంతకన్నా ముందు ఆస్పత్రికి వెళ్ళి చక్రధర్ గారికి చెప్పండి. ఇంటి పిల్లవి, ఇంటి పరువు తీస్తావా అని నన్ను అడగకండి. రెండు ఫారాలూ నిన్న మధ్యాహ్నం విచారణాధికారికి ఇచ్చేశాను. ఆ వాక్యం రాసింది నేనేనని కూడా చెప్పాను. లోపలికి వెళ్ళలేక మెట్ల మీద నిలబడిపోతే, చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళింది అక్క.

మీ మరదలు,
స్పందన