పటం ముందు కార్జం

అక్కా,

ఈ రోజు నీ సంవత్సరీకం. కోస్గిలో మీ ఇంట్లో పొట్టేలును కోశారు. నీ పటం ముందు పళ్లెంలో అన్నం, దాని మీద కార్జం ముక్కలు పెట్టారు. బతికినన్నాళ్లూ గొర్రెలు కాసి ముక్కల్లేని షేర్వాతోనే సరిపెట్టుకున్న మనిషికి చచ్చాక కార్జమా అని నాకు ఒళ్లు మండింది.

కబడ్డీ పోటీలు లేని ఈ నెలల్లో కొవ్వు కరిగి కండ పెరగాలంటే అన్నం తగ్గించి మాంసం తినాలని నీ బిడ్డకు కోచ్ చెప్పాడు. ముక్కలు అడిగితే మీ అత్త, "ఆడపిల్లకు గన్ని ముక్కలెందుకే? మొగోళ్లు తిన్నంక చూద్దాం" అన్నది. నేను కొట్లాటకు లేచేలోపే నీ బిడ్డ నీ పళ్లెం అందుకుంది.

"అమ్మ ఎన్నడు తిన్నదని గిప్పుడు తింటది, అవ్వా?"

కార్జమంతా తిన్నది. అన్నం మాత్రం నీ పటం ముందే వదిలింది.

నీకు మళ్లీ ఉత్త అన్నమే మిగిలింది. అయినా ఈసారి నాకు కోపం రాలేదక్కా.