సైరన్ లోపలి నీలం

జూన్ 3
వర్క్‌షాపుకి మ్యూజియం వాళ్ళ సైరన్ వచ్చింది. చేత్తో తిప్పే పాతది. పెయింట్ గీకే పని ఎప్పటిలాగే నాది. మన ఏటి గట్టు మీదిదమ్మా, వరదలో మోగనిది, ఆపరేటరు గుర్రుపెట్టి పడుకున్నాడే, అదే అని మేస్త్రి గారు నవ్వారు. ఆ ఆపరేటరు మా నాన్న. చెప్పలేదు.

జూన్ 4
పైన బూడిదరంగు. వరద తర్వాత ఎవరో పూశారు. దాని కింద నాన్న వేసిన ఎరుపు.
ముప్పై నాలుగేళ్ళ కిందట, తెల్లవారుజామున గట్టు తెగింది. పదకొండు మంది పోయారు. పిడి తిప్పాను, కదల్లేదు అని నాన్న మొత్తుకున్నారు. ఎవరూ విప్పి చూడలేదు. ఊళ్ళో ఆయనకి నిద్రగన్నేరు అని పేరు పెట్టారు. బడిలో నన్ను చూసి ఆవలించేవాళ్ళు. చివరికి అమ్మ కూడా, ఒక్క కునుకు పట్టి ఉంటుంది, ఒప్పుకోరాదూ అంది. ఆ తర్వాత పోయేదాకా నాన్న ప్రార్థనలో కూడా కళ్ళు మూసుకోలేదు.

జూన్ 6, మధ్యాహ్నం
లోపల నీలం.

జూన్ 6, సాయంత్రం
రాయకపోతే ఊపిరాడదు.
వరదకి వారం ముందు నాన్న రంగు వేస్తుంటే సాయం వెళ్ళాను. బయట మాత్రమే వెయ్యి తల్లీ, లోపల ముట్టుకోకు అని చెప్పి టీకి వెళ్ళారు. కిటికీలకి వేయగా మిగిలిన నీలం డబ్బా ఉంది. లోపల కూడా నిగనిగలాడితే మెచ్చుకుంటారనుకున్నాను. పదహారేళ్ళు నాకు. రెండుసార్లు దట్టంగా పూశాను. ఆయన తిరిగొచ్చి లోపలికి చూడలేదు, మాట వినలేదంటారని నేనూ చెప్పలేదు.
తిరిగే చక్రానికీ చుట్టూ ఉన్న డొల్లకీ మధ్య గోరు పట్టేంత సందు. ఆ సందంతా నీలమే. ఎండి రెండింటినీ అతికేసింది. ఊరు బెదురుతుందని ఎవరూ ఊరికే తిప్పి చూడరు.
ఇన్నేళ్ళూ నాకు తట్టలేదా? తట్టింది. తట్టినప్పుడల్లా దేవుడి పేరు తలుచుకుని పక్కకి నెట్టాను.

జూన్ 7
ఇలా గీకుతూ కూర్చుంటే నీ మనవరాలి పెళ్ళికి కూడా తెమలదు, ఎల్లుండి రంగు కరిగించే స్ట్రిప్పర్ తొట్టిలో ముంచేద్దాం అన్నారు మేస్త్రి గారు. ముంచితే నీలం ఉండదు. ఎవరికీ తెలియదు.
సరే అన్నాను.

జూన్ 8
ఏమే, దయ్యాన్ని చూసినట్టున్నావ్ అంది అమ్మ. పని ఎక్కువైందన్నాను. ఎనభై రెండేళ్ళు ఆమెకి. చెబితే తట్టుకుంటుందా? చెప్పకపోతే ఆయన్ని అనుమానిస్తూనే పోతుంది.

జూన్ 9
తొట్టి మూత తీశారు. సైరన్‌ని రెండు చేతులా పట్టుకుని వదల్లేదు. నా గొంతు ఎప్పుడూ అంత పైకి లేవలేదు. మొత్తం చెప్పాను. మేస్త్రి గారు తొట్టి మూత వేసేశారు. తర్వాత మ్యూజియానికి పంపే రిపోర్టు నా ముందు పెట్టి, నువ్వే రాయమ్మా అన్నారు.
లోపలి నీలం నేను వేశాను, అందుకే పిడి తిరగలేదు, ఆపరేటరు మెలకువగానే ఉన్నారు అని రాశాను. ఒక కాపీ ఇంటికి తెచ్చుకున్నాను.

జూన్ 10
అమ్మకి రిపోర్టు చదివి వినిపించాను. మళ్ళీ చదవమంది. మళ్ళీ చదివాను.
పొద్దుటి నుంచి నా వైపు చూడడం లేదు.