వట్టివేళ్ల తడికె పక్కన పియానో

నాంపల్లి,
27 మే 1938.

పూజ్యులైన నాన్నగారికి మీ అనసూయ నమస్కారాలు.

ఇక్కడ మేమంతా క్షేమమే. క్షేమమంటే జ్వరాలూ దగ్గులూ లేవని. మనసు సంగతి తర్వాత రాస్తాను. ఔరంగాబాద్‌లో మీరు, అన్నయ్య, వదిన సుఖంగా ఉన్నారని తలుస్తాను. మీ మోకాళ్లకు నేను పంపిన నూనె రోజూ రాస్తున్నానని వదిన అంటే ఊరికే నమ్మకండి, సీసా ఎంత తగ్గిందో చూడండి.

మీరు అడిగినవాటికి జవాబులు. మీ అల్లుడికి ఈ ఏడు బదిలీ లేదు. నాకు మూడిళ్లలో పాఠాలున్నాయి. వాటిలో పెద్దది ఆబిడ్స్‌లో జనార్దన్ వకీలు గారి ఇల్లు. వారమ్మాయి కమలకు రోజూ నాలుగింటికి పియానో నేర్పుతున్నాను. వేళ్లు చక్కగా వంచుతుంది, సాధన మాత్రం చేయదు. చేశానంటుంది. పియానో మెట్ల మీద దుమ్ము చూస్తే తెలిసిపోదూ!

అంజయ్య మీకెందుకు ఉత్తరం రాయడం లేదని అడిగారు. ఆ ఒక్క ప్రశ్నకు జవాబు రాయలేక మూడు కాగితాలు చించాను.

ఇరవై ఏళ్లు మీ వెంట తిరిగి పియానోకు శ్రుతి చేయడం నేర్చుకున్న మనిషి కదా అని, వకీలు గారింట్లో అంజయ్యను నేనే పెట్టించాను. మీరు నేర్పినట్లే చేస్తాడు. స్వరానికి మూడేసి తీగలుంటే రెండింటికి గుడ్డపట్టీ అడ్డం పెట్టి, ఒకదాన్ని చావితో బిగిస్తాడు. తర్వాత రెండోదాన్ని విడిచి, రెంటి నాదాల మధ్య వణుకు పోయేదాకా మీలాగే కళ్లు మూసుకుని వింటాడు.

కానీ ఏప్రిల్ నుంచి ఒక తిరకాసు మొదలైంది. ఆయన ఉదయం శ్రుతి చేసి వెళితే, సాయంత్రానికి మధ్య స్వరాలు పైకెక్కి కూర్చునేవి. మళ్లీ పిలిపిస్తే మళ్లీ అదే. మూడోసారికి నాలో అనుమానం పుట్టింది. పదేపదే పిలిచి కూలి ఇవ్వాలని కావాలనే చేస్తున్నాడా? ఒక ఉదయం ఆయన చేతులు కడుక్కోవడానికి వెళ్లగానే, ఎవరైనా తిప్పితే తెలియాలని, తీగలు బిగించే మేకుల తలల మీద సుద్దముక్కతో సన్నని గీతలు గీశాను. సాయంత్రం చూస్తే ఒక్క గీతా కదల్లేదు, శ్రుతి మాత్రం చెడింది. అక్కడైనా నా అనుమానం పోవాలి కదా? పోలేదు. మధ్యాహ్నం దొంగచాటుగా వచ్చి, మేకులు తిప్పి, గీతలు మళ్లీ గీసి పోయాడనుకున్నాను!

ఏప్రిల్ ఎండలకు కమల వేళ్లు చెమటతో జారుతున్నాయని పియానోను కిటికీకి కట్టిన వట్టివేళ్ల తడికె పక్కకు జరిపించింది నేనే. నౌకరు పోచయ్య మధ్యాహ్నం నుంచి దాని మీద నీళ్లు చల్లుతుంటాడు. అంజయ్య చెప్పనే చెప్పాడు.

"బిడ్డా, గీడ తడిగాలి కొడుతున్నది. లోపలి చెక్క ఉబ్బుతది, తీగలు గుంజుకుంటయ్. జర అవతలి గోడకు పెట్టిస్తె మంచిగుంటది."

"పని కుదరకపోతే సాకులు చెప్పకు" అన్నాను. కమల తల్లి సౌభాగ్యమ్మ గారి ఎదుటే అన్నాను. మళ్లీ పిలవాలనే ఇదంతా చేస్తున్నాడని కూడా అన్నాను. నాన్నగారూ, అంజయ్య పని పోగొట్టింది మీ కూతురే. సౌభాగ్యమ్మ గారు ఆయన్ను మాన్పించి, ఆ మాట తెలిసినవాళ్లకు చెప్పారు. ఆబిడ్స్‌లో మరో రెండిళ్ల వాళ్లు కూడా ఆయన్ను రావద్దన్నారు.

పోయిన వారం పోచయ్య చుట్టాల పెళ్లికని చాదర్‌ఘాట్ వెళ్లి మూడు రోజులు రాలేదు. తడికె ఎండిపోయింది. మూడో రోజు కమల మెట్లు నొక్కగానే స్వరాలన్నీ ఒద్దికగా పలికాయి. అంజయ్య చివరిసారి చేసిన శ్రుతి అది. ఆ తర్వాత ఎవరూ మేకులు ముట్టుకోలేదు.

అప్పటికప్పుడే సౌభాగ్యమ్మ గారికి నా తప్పు చెప్పాను.

"ఔనా? పాపం, మంచోడేనన్నట్టు" అన్నదామె. "కానీ వేరేటాయనకు మాట ఇచ్చినం గద. ఇగ ఇల్లిల్లు తిరిగి నేనేం చెప్తనమ్మా?"

కాచిగూడలో అంజయ్య ఇంటికి వెళ్లాను. ఆయన భార్య పూలమ్మ చాప వేసి మంచినీళ్లిచ్చింది. నాకు ఏడుపు ఆగలేదు. నా ఏడుపు చూసి ఆయనే కంగారుపడ్డాడు.

"ఊకో బిడ్డా. ఒక్కటి మాత్రం విను. అయ్యగారికి రాయకు. గీ ఊర్ల నా పేరు ఎట్లాగు పోయింది. అయ్యగారి కాడనన్న ఉండనియ్."

రాయనని మాటిచ్చాను, ఇప్పుడు తప్పుతున్నాను. మీ దగ్గర ఆయన పేరు చెడదని నాకు తెలుసు. చెడేది నా పేరు, చెడనివ్వండి. నన్ను తిట్టే ఉత్తరం తర్వాత రాయవచ్చు, ముందు అంజయ్యను వద్దన్న మూడిళ్లకూ మీ చేత్తో ఆయన గురించి రాయండి. వాళ్లకు మీ మాట మీద గురి. ఆ రెండిళ్లకూ నేను వెళ్లి చెప్పాను. అంజయ్య నాకేదో ముట్టజెప్పి ఇలా పలికిస్తున్నాడని అనుమానిస్తున్నారు.

ఇట్లు,
క్షమించమని అడగలేని మీ కూతురు
అనసూయ