వెనక నడిచిన కాపరి వీలునామా

నిజామాబాద్ జిల్లా, బాన్సువాడ తాలూకా, మోతీరాం తండాలో ఉంటున్న నేను, మోతీరాం నాయక్ కొడుకును. బాప్తిస్మంలో ఏసయ్య అని పేరు పెట్టినా అందరూ హర్యా అనే పిలుస్తారు. వయసు డెబ్బై ఒకటి. కళ్లు మసక, మోకాళ్లు నొప్పి, బుద్ధి మాత్రం నిలకడగా ఉంది. ఎవరూ బలవంతపెట్టలేదు, ఎవరూ కల్లు తాగించలేదు. బాన్సువాడ కచేరీ దగ్గర దస్తావేజులు రాసే అమానుల్లా గారి చేత నా ఇష్టప్రకారం ఇది రాయిస్తున్నాను.

1. నా రెండెకరాలు ఆరేళ్ల కిందటే కొడుకు జేత్యా పేరున పట్టా చేయించాను. దాని గురించి ఇంక మాటల్లేవు.

2. ఇల్లు, రెండు బర్రెలు నా భార్య సోనాబాయివి. నా గొంగడి కూడా ఆమెదే. నలభై ఏళ్లుగా చలికాలమంతా దాన్ని తనవైపే లాక్కుంటోంది, ఇప్పుడు కాగితం మీద కూడా ఆమెదే అయింది. ఈ వీలునామా అమలు చేయించే బాధ్యతా ఆమెదే. ఆమె మాట కాదనే ధైర్యం మా ఇంట్లో ఎవరికీ లేదు.

3. బావమరిది మంగ్యాకు నా గొడుగు. నేను బాప్తిస్మం తీసుకున్న రోజు వాన కురిస్తే, "మీ దేవుడు నిన్ను బాగనే తడుపుతుండు బావా" అని తండా అంతా నవ్వేలా అన్నాడు. ఇరవై ఎనిమిదేళ్లయినా మరిచిపోలేదు. క్షమించానని ఇందుమూలంగా తెలియజేస్తున్నాను. గొడుగుకు ఒక ఊచ విరిగింది, బాగు చేయించి ఇవ్వనవసరం లేదు.

4. నా పేరున ఉన్న ప్రార్థన గది, దాని చుట్టూ ఉన్న పది గుంటల జాగా, నేను మోస్తున్న తండా క్రైస్తవ సంఘం పెద్దరికం. మా తండాల్లో నాయక్ కొడుకే నాయక్ అవుతాడు. సంఘంలోనూ అంతేనని జేత్యా అనుకుంటున్నాడు. కానీ బైబిల్లో మోషే తనకు ఇద్దరు కొడుకులున్నా, జనాన్ని నడిపే పని తన సేవకుడు యెహోషువకు అప్పగించాడు. జేత్యాలో తప్పేమీ లేదు. తప్పు నాది.

బైబిల్లో ఏసు తాను మంచి కాపరినని చెప్పిన మాటకు పంతొమ్మిదేళ్లు నేను తప్పు అర్థం చెప్పాను. మావాళ్లు పశువుల వెనక నడుస్తూ కట్టెతో అదిలిస్తారు. కాపరి అంటే అదే అనుకుని సంఘాన్నీ వెనకనుంచే అదిలించాను. కాలువ గట్టు తెగి తండాలోకి నీళ్లొచ్చిన నాడు కూడా అందరికీ వెనక నిలబడి "నడువుండ్రి, నడువుండ్రి" అని అరిచాను. ఎవరూ కదల్లేదు. అప్పుడు రూప్లి, భర్త పోయాక కూలి చేసుకుని బతికే మనిషి, కొంగు నడుముకు చుట్టి నీళ్లలోకి దిగింది. "లోతు నేను చూస్త, నా ఎనక రాండ్రి" అంది. ముప్పై మందిమి గట్టెక్కాము. తర్వాత బైబిలు తెరిచి చూస్తే, కాపరి గొర్రెల ముందు నడుస్తాడనే ఉంది. అన్నేళ్లూ ఆ ముక్క చదువుతూనే ఉన్నాను. సిగ్గేసింది.

కాబట్టి గది, జాగా, పెద్దరికం రూప్లికి అప్పగిస్తున్నాను. అమ్మే హక్కు లేదు, ఆమె తర్వాత అవి సంఘానివే. ఆమెకు చదువు రాదని కొందరు గొణుగుతున్నారు. ఆ రోజు చదువొచ్చిన నేను ఎక్కడ నిలబడ్డానో వాళ్లకు తెలుసు.

5. నా పెద్దక్షరాల బైబిలు జేత్యాకు. వాడు బాగా చదువుతాడు. పెద్దరికం ఇవ్వనందుకు కోపం ఉంటే ఉండనీ, చదవడం మాత్రం మానొద్దు.

పై రాతంతా అమానుల్లా గారు అందరి ముందూ చదివి వినిపించారు. జేత్యా తల వంచుకున్నాడు. కొడుకు దూరమైపోతాడేమో అనుకున్నాను. సాక్షి సంతకం ఎవరు చేస్తారని అడిగితే వాడే లేచాడు. సాక్షిగా సంతకం చేసినవాడికి వీలునామాలో ఇచ్చింది చెల్లదని, బైబిలు పోతుందని అమానుల్లా గారు హెచ్చరించారు.

"బైబిల్ రూప్లక్కకే ఇయ్యి బాపూ. దినాం పొద్దుగాల నేనే పోయి సదివి ఇనిపిస్త" అన్నాడు.

పైన ఐదో అంశంలో రాసింది రద్దు, బైబిలు రూప్లికే అని ఇక్కడ రాయించాను. నాకు ఇంక ఏ ఫికరూ లేదు.

1978 నవంబరు 14, మంగళవారం, బాన్సువాడ.

(సంతకం) హర్యా

రాసినవారు: అమానుల్లా

సాక్షులు:
లియాఖత్, బాన్సువాడ
జేత్యా, హర్యా కొడుకు, రూప్లక్క సంఘం