సైకిల్ రూలు గురించి మనవి

హెడ్మాస్టరమ్మ గారికి, పదో తరగతి వనజ తండ్రి నమస్కరించి రాసుకున్నది.

బొగ్గు లారీలు తిరిగే రోడ్డు కాబట్టి ఆడపిల్లలు బడికి సైకిల్ తొక్కి రావద్దని మీతో రూలు పెట్టించింది నేనే. అప్పటి నుంచి రాత్రి షిఫ్టు దిగి, నా సైకిల్ మీద వనజను నేనే దింపుతున్నాను.

నిన్న తొక్కుతూనే నిద్రపోయాను. అమ్మాయి దూకి సైకిల్‌ను ఆపకపోతే లారీ కింద పడేవాళ్లం. నన్ను వెనక కూర్చోబెట్టి, "బాపూ, జర గట్టిగ పట్టుకో, పడుతవ్" అంటూ ఇంటిదాకా తొక్కి, వాళ్లమ్మకు అప్పగించి, అదే సైకిల్ మీద బడికి వచ్చింది. ఆలస్యానికీ సైకిల్‌కూ కలిపి మీరు గేటు బయట నిలబెట్టారట.

దయచేసి ఆ రూలు ఎత్తేయండి. అయినా ఆడపిల్లను ఒంటరిగా పంపను. వెనక కూర్చుని తోడొస్తాను. సాయంత్రం వనజ నన్ను ఇంటికి తీసుకుపోయేదాకా వరండాలో పడుకోవడానికి ఒక బెంచీ ఇప్పించగలరు.